తెలుగు తెర మీద ఫైటు: మొయినాబాద్ పొలాల నుంచి భైరవకోన దాకా

మార్షల్ ఆర్ట్స్ చిత్రం అంటే కరాటే, కుంగ్‌ఫూ, కిక్‌బాక్సింగ్, కలరి, కర్రసాము వంటి ఏదో ఒక యుద్ధవిద్య మీద కథ నడిచే సినిమా. హాంకాంగ్‌లో, జపాన్‌లో ఇది విడిగా ఒక కోవ. తెలుగులో అలా విడిపడలేదు. ప్రతి కమర్షియల్ సినిమాలోనూ నాలుగైదు ఫైట్లు తప్పనిసరి కావడంతో ఆ విద్య అంతా వాటిలోకే ఇంకిపోయింది. తెలుగు ప్రేక్షకుడు టికెట్ కొనేటప్పుడు మార్షల్ ఆర్ట్స్ అనే మాట వాడడు. ‘ఫైట్లు బాగున్నాయట’ అంటాడు. ఆ బాగుండటం వెనక కెమెరా, శబ్దం, కథ, నేల స్వభావం ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా, పేరు తెలియని ఫైటర్ల ఒళ్లు ఉంది.

ముందు నేల సంగతి చూద్దాం. హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే రోడ్డు గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల నడుమ నుంచి సాగి మొయినాబాద్ మీదుగా చేవెళ్ల చేరుతుంది. దారి పొడవునా పెద్ద పెద్ద మర్రిచెట్లు. ఆ రెండు చెరువులూ 1908 నాటి మూసీ వరద తర్వాత కట్టిన జలాశయాలే. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వీటి నీళ్లు పాడవకుండా 1996లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111 నంబరు జీవో తెచ్చి, చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో పెద్ద కట్టడాల మీద ఆంక్షలు పెట్టింది. మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతాల ఊళ్లు కూడా ఆ జాబితాలో చేరాయి. గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు లేస్తున్న కాలంలో ఇటు పక్క పొలాలు, మామిడి తోటలు, ఫామ్‌హౌస్‌లు అలాగే మిగిలాయి. ఫిల్మ్‌నగర్‌లో పొద్దున బయలుదేరితే టిఫిన్ వేళకు చేరుకునేంత దూరం, చుట్టూ ఎటు తిప్పినా ఫ్రేములోకి అపార్ట్‌మెంటు రాని జాగా. నీళ్ల కోసం వచ్చిన జీవో సినిమా యూనిట్లకు కూడా కలిసొచ్చింది.

ఇలాంటి బయలులో ఫైటు తీయడం స్టూడియో ఫ్లోరులో తీయడం లాంటిది కాదు. పగలగొట్టడానికి గాజు తలుపులు ఉండవు, విరగ్గొట్టడానికి బల్లలు ఉండవు. దెబ్బ ఎంత గట్టిదో చెప్పాల్సింది మట్టే. అందుకే ఫైటర్ల చొక్కాల మీద ముందే పొడి మట్టి చల్లుతారు. గుద్దు పడగానే దుమ్ము లేస్తుంది, ఎండకు ఎదురుగా కెమెరా పెడితే ఆ దుమ్ము మెరుస్తుంది. పడేచోట నేలను తవ్వి గుల్ల చేస్తారు, రాళ్లు ఏరేస్తారు. ఎక్కువ ఎత్తు నుంచి పడాలంటే కింద పరుపులు వేసి, ఫ్రేములో కనిపించకుండా జాగ్రత్తపడతారు. తెర మీద ఇవేవీ తెలియకూడదు. తెలిసిన క్షణాన ఫైటు చచ్చిపోతుంది.

దెబ్బ తినేవాడి విద్య

సినిమా గుద్దు తగలదు. చెంపకు కొద్ది దూరంలో నుంచి గాలిని చీల్చుకుంటూ వెళ్లిపోతుంది. కొట్టేవాడి భుజం వెనక నుంచో, దెబ్బ తినేవాడి వీపు వెనక నుంచో కెమెరా పెడితే ఆ ఖాళీ కనబడదు. ఇంత మాత్రం చాలామందికి తెలుసు. గుద్దును నమ్మించేది ఆ చెయ్యి కాదన్న సంగతి మాత్రం అంతగా తెలియదు. సరిగ్గా చెయ్యి దాటే క్షణంలో ఎదుటివాడి మెడ తిరగాలి, మెడ వెనకే భుజం, భుజం వెనకే నడుము తిరగాలి, అప్పుడు కాళ్లు నేల విడవాలి. ఈ వరస తప్పి కాళ్లు ముందు లేస్తే, వాడే ఎగిరాడని పల్లెటూరి పిల్లవాడు కూడా పసిగడతాడు. ఫైట్ మాస్టర్లు దీన్ని రియాక్షన్ అంటారు. హీరో టైమింగ్ అరసెకను తప్పినా మంచి ఫైటర్ సర్దుకుని పడగలడు. ఫైటర్ తప్పితే హీరో ఎంత గొప్ప కరాటే వీరుడైనా చేసేదేమీ లేదు.

అసలు యుద్ధవిద్యకూ తెర మీద విద్యకూ ఉన్న తేడా ఇక్కడే బయటపడుతుంది. కరాటేలో నేర్పేది దెబ్బను దాచడం. మోచెయ్యి శరీరానికి దగ్గరగా ఉండాలి, ఎదుటివాడికి ముందు తెలియకూడదు. కెమెరాకు అది పనికిరాదు. సినిమా దెబ్బ ముందు వెనక్కి వెళ్లాలి, ప్రేక్షకుడికి ‘వస్తోంది’ అని తెలియాలి, ఆ తర్వాతే రావాలి. ఉట్టి కొట్టేవాడు చెయ్యెత్తినప్పుడు గుంపంతా ఊపిరి బిగబట్టినట్టు, దెబ్బకు ముందున్న ఆ క్షణంలోనే ఉత్కంఠ ఉంది. బెల్టులు గెలిచిన వీరులు కొందరు తెర మీద చప్పగా కనిపించడానికి, ఎన్నడూ పోటీకి దిగని నటులు కొందరు పిడుగుల్లా కనిపించడానికి కారణం ఇదే.

హాంకాంగ్ మాస్టర్లు ఇంకో కిటుకు కనిపెట్టారు. జాకీ చాన్ సినిమాల్లో దెబ్బ తగిలే చోట కట్ చేసేటప్పుడు, రెండో షాట్‌ను ఒకటి రెండు ఫ్రేములు వెనక నుంచి మొదలుపెడతారు. సెకనుకు 24 ఫ్రేములు నడిచే చోట ఆ రెండు ఫ్రేములు కంటికి ఆనవు. మనసుకు మాత్రం దెబ్బ రెండుసార్లు పడ్డట్టు అనిపిస్తుంది. ‘పోలీస్ స్టోరీ’ (1985) చివర షాపింగ్ మాల్ ఫైటులో విరిగిన గాజు అంతా, దీపాలు చుట్టిన స్తంభం మీద జారడం అంతా ఎక్కువగా దూరపు షాట్లలోనే ఉంటాయి. నటుడి ముఖం, ఒళ్లు, కింద నేల ఒకే ఫ్రేములో కనిపించాలన్నది అక్కడి నియమం. థాయిలాండ్ ‘ఓంగ్ బాక్’ (2003), జకార్తాలో ఒకే భవనంలో సాగే ‘ది రెయిడ్’ (2011) ఇదే దారిలో నడిచాయి. తెలుగు ఫైటు అప్పుడప్పుడు ఆ వైపు చూసింది కానీ, అక్కడే కాపురం పెట్టలేదు.

కత్తి, కర్ర, తాలీము

తెలుగు తెర మీద తొలి యుద్ధవిద్య కత్తిసాము. కోదాడ దగ్గర గుడిబండలో 1923లో పుట్టిన కాంతారావుకు ‘కత్తి’ ఇంటిపేరులా అంటుకుపోయింది. విఠలాచార్య తీసిన ‘గురువును మించిన శిష్యుడు’ (1963) వంటి జానపదాల్లో ఆయన కత్తి దూస్తే ఎదురుగా తరచూ రాజనాల ఉండేవాడు. కెమెరాలు బరువు, ఫిల్ము ఖరీదు. గంటకో యాంగిల్ మార్చే వీలు లేదు. అందువల్ల ఇద్దరి అడుగులూ, రెండు కత్తులూ, వెనక మెట్లూ అన్నీ ఒకే చూపులో కనిపించేలా దూరం నుంచే తీసేవారు. ఇప్పుడు చూస్తే కొంచెం నెమ్మదిగా తోస్తుంది. అయితే ఎవరు మెట్టెక్కారు, ఎవరు గోడకు చిక్కారు అన్న అయోమయం ఒక్క క్షణం కూడా రాదు. పేదరికం నేర్పిన స్పష్టత అది.

ఈ విద్య ఆకాశం నుంచి ఊడిపడలేదు. కోస్తాలో గరిడీ, కర్రసాము ఉండేవి. హైదరాబాద్‌లో, తెలంగాణ పల్లెల్లో తాలీములు ఉండేవి. ఎర్రమట్టి గోదాలో దండీలు, బస్కీలు తీసి కుస్తీ పట్లు నేర్చిన పహిల్వాన్‌కు ఊళ్లో గౌరవం ఉండేది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును నిలుపుకుని దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. జనం కళ్లకు అలవాటైన బలప్రదర్శన ఇదే. తెలుగు హీరో పదిమందిని ఒక్క చేత్తో విసిరేస్తే ఈల వేసే ప్రేక్షకుడు భౌతికశాస్త్రం మరిచిపోయినవాడేమీ కాదు. కథల్లో భీముణ్నీ, ఊళ్లో పహిల్వాన్‌నీ చూసి పెరిగినవాడు.

1970ల నాటికి కత్తి పోయి పిడికిలి వచ్చింది. కె.ఎస్.ఆర్. దాస్ తీసిన ‘రౌడీ రాణి’ (1970)లో విజయలలిత మగవాళ్లను చితకబాదింది. మరుసటి ఏడాది ఆయనే కృష్ణతో ‘మోసగాళ్లకు మోసగాడు’ తీసి కౌబాయ్‌ను తెలుగులోకి దింపాడు. యాక్షన్ హీరోయిన్ అంటే అందరికీ విజయశాంతి, ‘కర్తవ్యం’ (1990) గుర్తుకు రావడం న్యాయమే. ఆ సినిమాకు ఆమెకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం దక్కింది. కానీ ఇరవై ఏళ్ల ముందే ఆ దారి తొక్కిన విజయలలితను మరిచిపోవడం మాత్రం న్యాయం కాదు.

బ్రూస్ లీ బొమ్మ

1973 జూలై 20న బ్రూస్ లీ చనిపోయాడు. ‘ఎంటర్ ది డ్రాగన్’ ఆ తర్వాతి నెలలో అమెరికాలో విడుదలైంది. ఒక తరం తెలుగు కుర్రాళ్లకు ఆయన భాష రాకపోయినా ఆయన ఒళ్లు అర్థమైంది. కరాటే స్కూలు బోర్డుల మీద, ఆటోల వెనక, హాస్టల్ గోడల మీద ఆయన బొమ్మ వెలిసింది. 1980లలో ఆ గాలి తెలుగు సినిమాలోకి వచ్చింది. సుమన్, భానుచందర్ ఇద్దరూ కరాటే నేర్చుకుని వచ్చినవాళ్లు. ‘తరంగిణి’ (1982)లో కలిసి కనిపించారు. కన్నడ నాట నుంచి వచ్చిన అర్జున్ ‘మా పల్లెలో గోపాలుడు’ (1985)తో ఇక్కడ నిలదొక్కుకున్నాడు. తెలుగు హీరో కాలు తల దాటి లేవడం వీళ్లతో మామూలైంది.

అదే కాలంలో చిరంజీవి మరో దారి చూపించాడు. ‘ఖైదీ’ (1983) ఫైట్లలో ఉన్నది ఫలానా విద్య అని చెప్పలేం. అక్కడ పనిచేసింది డాన్స్ చేసే ఒంటికి ఉండే తాళజ్ఞానం. దెబ్బకూ దెబ్బకూ మధ్య విరామం ఎంత ఉండాలో ఆ ఒంటికి తెలుసు. బ్రూస్ లీ వేగం కన్నా ఈ దరువే తెలుగు ఫైటుకు ఎక్కువ అబ్బిందని చెప్పాలి.

శబ్దం సంగతి వేరే చెప్పుకోవాలి. అప్పటిదాకా ప్రతి గుద్దుకూ ఒకటే ‘డిష్యుం’. దిండుకు తగిలినా దవడకు తగిలినా ఒకటే మోత. రామ్‌గోపాల్ వర్మ ‘శివ’ (1989) దాన్ని మార్చింది. కాలేజీ ఆవరణలో నాగార్జున సైకిల్ చైన్‌ను చేత్తో తెంపే దృశ్యంలో ముందు కొద్ది సేపు ఏమీ జరగదు. ఆ నిశ్శబ్దం, తర్వాత లోహం తెగిన చప్పుడు, ఆ వెంటనే దెబ్బ. మూడే మెట్లు. ఆ దెబ్బలో గొప్ప నైపుణ్యమేమీ లేదు. అయినా ఆ దృశ్యం ముప్ఫై ఏళ్లు దాటినా చెక్కుచెదరకుండా ఉందంటే ప్రేక్షకుడి చెవిని గౌరవించినందువల్లే. స్టెడీకామ్‌ను తెలుగు సినిమా గట్టిగా వాడుకున్నదీ ఆ చిత్రంలోనే. పరుగెత్తే మనిషి వెంట కెమెరా కూడా పరుగెత్తడంతో చూసేవాడికి కూడా ఆయాసం వచ్చింది.

రింగులోకి దిగిన కథలు

నిజంగా ఒక యుద్ధవిద్యను కథకు నడుమ నిలిపిన తెలుగు సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. 1996లో ‘అక్కడ అమ్మాయి ఇక్కడ అబ్బాయి’తో వచ్చిన పవన్ కల్యాణ్ కరాటేలో శిక్షణ పొందినవాడు. ఆయన ‘తమ్ముడు’ (1999) కిక్‌బాక్సింగ్ కథ. అన్న దెబ్బతిని మంచాన పడితే, అంతవరకు బాధ్యత తెలియని తమ్ముడు ఆ స్థానంలో రింగులోకి దిగుతాడు. నడుమ సాధన పాట ఉంది, ఒళ్లు హూనం చేసుకునే విన్యాసాలు ఉన్నాయి. చివరి పోటీలో కిక్కుల నాణ్యత కన్నా అన్న రుణం తీర్చుకునే తపనే హాలును లేపింది. శ్రీహరి ‘భద్రాచలం’ (2001) తైక్వాండోను పల్లెటూరి కుర్రాడి చేతికిచ్చింది. శ్రీహరి స్వయంగా జిమ్నాస్టిక్స్, బాడీ బిల్డింగ్ నుంచి స్టంట్ల మీదుగా హీరో అయినవాడు. పడటం ఎంత కష్టమో తెలిసిన హీరో అతను.

2003 ఏప్రిల్‌లో వారం తిరగకుండా రెండు సినిమాలు వచ్చాయి. పూరి జగన్నాథ్ ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’, పవన్ కల్యాణ్ స్వయంగా దర్శకత్వం వహించిన ‘జానీ’. రెంటిలోనూ హీరో యుద్ధవిద్య తెలిసినవాడు, రెంటిలోనూ రింగు ఉంది. మొదటిది ఘనవిజయం, రెండోది బోల్తా.

ఫైటు కళ గురించి చెప్పుకోవాలంటే ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటమే మంచి పాఠం. ‘జానీ’లో పోరాటాలు సహజంగా ఉంటాయి. కీళ్లు పట్టి తిప్పడం, నేల మీదికి లాగి బంధించడం, మెడకు ఉచ్చు వేయడం అప్పటి తెలుగు తెరకు కొత్త. విద్య తెలిసినవాళ్లు ఇప్పటికీ ఆ సినిమాను మెచ్చుకుంటారు. కథలో భార్య జబ్బు, వైద్యానికి డబ్బు కోసం దెబ్బలు తినే భర్త. గెలిచినా దుఃఖం తగ్గదు, హాల్లో ఈలకు జాగా లేదు. పైగా పట్టు అనేది కంటికి చిన్నది. మణికట్టు రెండంగుళాలు తిరిగితే ఎముక విరిగే విద్యను వెనక వరసలో కూర్చున్నవాడికి చూపించడం కష్టం. పూరి సినిమాలో తల్లి పోయాక కొడుకు, తమను వదిలేసిన తండ్రి దగ్గరికి వస్తాడు. ఆ తండ్రి కిక్‌బాక్సింగ్ గురువు. చివరి పోటీ ఆ తండ్రి శిష్యుడితో. కొడుకు వేషంలో రవితేజ కొట్టే ప్రతి దెబ్బా ఎదుటివాడికి తగులుతూనే రింగు బయట ఉన్న తండ్రి ప్రకాశ్ రాజ్‌కు కూడా తగులుతుంది. ఒక దెబ్బకు రెండు చోట్ల నొప్పి పుట్టించగలగడం కథ చేసే పని, మాస్టర్ చేసేది కాదు.

పూరి మళ్లీ 2022లో ‘లైగర్’ తీశాడు. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్, విజయ్ దేవరకొండ, ఏకంగా మైక్ టైసన్. ఒళ్లు కష్టపెట్టడంలో హీరో లోటు చేయలేదు. ఎవరి మీద కోపం, ఎందుకు గెలవాలి అన్నది మాత్రం ప్రేక్షకుడికి పట్టలేదు.

వందమంది లెక్క

తెలుగు ఫైటు పతాకస్థాయి అంటే చాలామంది చెప్పేది ‘మగధీర’ (2009)లో భైరవకోన పోరాటం. పీటర్ హెయిన్ రూపొందించిన ఈ ఫైటును రాజమౌళి ఒక లెక్కగా పేర్చాడు. శత్రువులు వందమంది. దారి సన్నం, పక్కన లోయ. అందువల్ల ఒకేసారి అందరూ మీద పడలేరు. మిగతా సినిమాల్లో విలన్ మనుషులు ఒక్కొక్కరే వచ్చి ఎందుకు తన్నులు తింటారన్న పాత ప్రశ్నకు నేల స్వరూపమే ఇక్కడ జవాబు చెప్పింది. సంఖ్య ముందే తెలుసు కనుక ప్రేక్షకుడు లోలోపల లెక్కపెడుతూనే ఉంటాడు. అలసట కనిపిస్తుంది, గాయాలు పెరుగుతాయి. ఎదురుగా నిలబడి చూస్తున్న శత్రునాయకుడు షేర్ ఖాన్ ముఖంలో మొదట వెటకారం, తర్వాత ఆశ్చర్యం, చివరకు గౌరవం. ఆ పాత్ర వేసింది శ్రీహరే. ఒకప్పుడు స్టంట్లు చేసినవాడు మరొకడి ఫైటును చూసి తలవంచే ఆ క్లోజప్‌లు లేకపోతే ఆ వందా వట్టి అంకెగా మిగిలేది.

‘బాహుబలి: ది బిగినింగ్’ (2015)లో యుద్ధానికి ముందు త్రిశూల వ్యూహాన్ని విడమరచి చెప్పడం కూడా ఇదే తెలివి. సేనలు కలిసిపోయి గందరగోళమైనా ఎవరు ఎటు కదలాలో ప్రేక్షకుడికి ముందే తెలుసు. ‘ఆర్ఆర్ఆర్’ (2022) విరామ ఘట్టంలో రాత్రి, గుంపు, జంతువులు, పరుగులు. ఇంత రద్దీలోనూ కన్ను తప్పిపోదు. ఒకడు నిప్పుతో వస్తాడు, ఇంకొకడు నీటితో. ఆ రెండు రంగులే గుర్తులు. ఇద్దరూ మిత్రులని, ఇద్దరికీ న్యాయం ఉందని తెలిసినందువల్ల ఎవరు ఓడినా నొప్పే. ఈలలు వేసే జనం ఆ పది నిమిషాలూ ఎవరి పక్షాన వేయాలో తేల్చుకోలేకపోయారు.

ఈ చిత్రాల విజయం తర్వాతి సినిమాలకు ఒక జబ్బును కూడా అంటించింది. సెకనుకు వంద ఫ్రేములు, అంతకు మించి తీసే కెమెరాలు చవకయ్యాక ప్రతి దెబ్బా స్లో మోషన్‌లోకి జారింది. హీరో నడిచొస్తే స్లో, చెయ్యెత్తితే స్లో, విలన్ ఎగిరితే స్లో. దరువులో ఒక దెబ్బ ఆగితేనే ఆగినట్టు తెలుస్తుంది, అన్నీ ఆగితే డప్పు చిరిగినట్టే. ఫైటర్లను గాల్లోకి లాగే రోప్‌లదీ ఇదే కథ. ‘ది మ్యాట్రిక్స్’ (1999)కు యుయెన్ వో పింగ్ కూర్చిన తీగల విన్యాసాల్లో ఒంటికి బరువు ఉంటుంది. మన దగ్గర టాటా సుమోలతో పాటు మనుషులూ బరువు లేకుండా గాల్లో తేలిన రోజులున్నాయి. వాటిని చూసి నవ్వినవాళ్లే ఈలలూ వేశారన్నది కూడా నిజం.

పేర్లు పడే చోటు

జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో స్టంట్లకు మొదటిసారి గుర్తింపు దక్కింది 2016 చిత్రాలకు. మలయాళ ‘పులిమురుగన్’కు పీటర్ హెయిన్ దాన్ని అందుకున్నాడు. మరుసటి ఏడాది ‘బాహుబలి 2’కు అబ్బాస్ అలీ మొఘల్, 2021 చిత్రాల్లో ‘ఆర్ఆర్ఆర్’కు కింగ్ సాలమన్, 2023 చిత్రాల్లో ‘హనుమాన్’కు నందు, పృథ్వి గెలిచారు. కారంచేడు నుంచి వచ్చిన కవల సోదరులు రామ్ లక్ష్మణ్ పేరు తెలుగు ఇళ్లలో హీరోల పేర్లలాగే నలుగుతుంది. పోస్టరు మీద ఫైట్ మాస్టర్ పేరు చూసి టికెట్ కొనే ప్రేక్షకులు ఉన్న భాష ఇది.

2025 ఏప్రిల్‌లో ఆస్కార్ అకాడమీ స్టంట్ డిజైన్‌కు పురస్కారం ప్రకటించింది. 2027లో విడుదలయ్యే చిత్రాలకు, 2028లో జరిగే నూరవ వేడుకలో మొదటిసారి ఇస్తారు. ఆ ప్రకటనకు వాడిన చిత్రాల్లో ‘ఆర్ఆర్ఆర్’ దృశ్యం కూడా ఉంది.

మొయినాబాద్ పక్క పొలంలో షూటింగ్ జరిగే రోజున ఈ లెక్కలేవీ వినబడవు. మాస్టర్ ‘యాక్షన్’ అనగానే ఒకడు ఎగిరి మట్టిలో పడతాడు, ‘కట్’ అనగానే లేచి దులుపుకుంటాడు. అసిస్టెంట్ మళ్లీ అతని చొక్కా మీద దుమ్ము చల్లుతాడు. తర్వాతి షాట్‌లో అతనే వేరే రంగు చొక్కా తొడుక్కుని, కెమెరాకు వీపు తిప్పి, గుంపులో ఇంకో చివర నిలబడతాడు. ఇందాక చచ్చినవాడు మళ్లీ వచ్చాడని తెర ముందు కూర్చున్నవాడికి అనుమానం రాకుండా ముఖం పక్కకు పెట్టుకుంటాడు.